నల్లమలలో నీళ్ల దారి: దోర్నాల వైపు నుంచి పులుల అడవికి పోయేవాళ్ల కోసం

దోర్నాల దాటాక చెక్‌పోస్టు దగ్గర బండి ఆగగానే జనం అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. శ్రీశైలం పోయేది నేషనల్ హైవేనే కదా, రాత్రిపూట ఎందుకు మూస్తారు? ఇష్టకామేశ్వరి అమ్మవారిని చూడటానికి సొంత కారు ఎందుకు పనికిరాదు? తుమ్మలబైలులో డబ్బులు కట్టించుకుని జీపులో తిప్పే అడవిలోనే మనంతట మనం నాలుగడుగులు వేస్తే తప్పేంటి? వానలు పడి అడవి కళకళలాడే నెలల్లోనే తలుపులు ఎందుకు వేస్తారు?

ఒక్కో ప్రశ్నకు ఒక్కో రూలు చూపిస్తారు. ఆ రూళ్లు ఒకదానికొకటి పొంతన లేనట్టు కనబడతాయి. కానీ వాటన్నిటినీ కలిపే పోగు ఒకటుంది, అది నీళ్లు. నల్లమల చూడటానికి పచ్చగా ఉన్నా ఏడాదిలో సగం రోజులు ఎండిపోయే కొండ. ఎండాకాలం నడుమ కూడా నీళ్లుండే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గుడి అక్కడే కట్టారు, చెంచుగూడెం అక్కడే వెలిసింది, పులి తాగేదీ అక్కడే. తగువంతా ఆ నాలుగు గజాల చోటు గురించే.

ఎండుకొండలో ఊట

మార్కాపురం పలక అందరికీ తెలుసు. బడిపిల్లలు రాసుకున్న ఆ నల్లరాయి నల్లమల రాతి పొరల్లో ఒకటి. కొండల పైభాగంలో చాలాచోట్ల గట్టి క్వార్ట్‌జైట్ రాయి ఉంటుంది. దానికి నిలువు పగుళ్లు ఎక్కువ. వాన నీళ్లు ఆ పగుళ్ల గుండా నెమ్మదిగా కిందికి దిగుతాయి. అడుగున పలకరాయి, దాని చుట్టాలైన, బంకమట్టి గట్టిపడిన రాళ్లు తగిలేసరికి ఇంక దిగలేవు, పక్కకు పారి కొండ చరియలో ఊటగా బయటికొస్తాయి. అందుకే నల్లమల ఊటలు శిఖరం మీదా ఉండవు, మైదానంలోనూ ఉండవు. రెండు రాళ్లు కలిసే అంచున, లోయ మొదట్లో ఉంటాయి. శ్రీశైలం దగ్గరి పాలధార పంచధార చూసినవాళ్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. పైన ఎండ మండిపోతున్నా చరియలోంచి ధార పడుతూనే ఉంటుంది.

గుండ్లకమ్మ నది కూడా ఇలాగే నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, నెమలిగుండం మీదుగా కిందికి దిగి, కంభం చెరువు నింపి, తూర్పు వైపుకు పారి సముద్రంలో కలుస్తుంది. నది పుట్టినచోట బ్రహ్మేశ్వరుడు, కొండ దిగేచోట రంగనాయకస్వామి. రెండూ దట్టమైన అడవిలోనే. నెమలిగుండం పుట్టుకను నెమలి రూపం దాల్చిన మునితో ముడిపెట్టి కథ చెబుతారు. గిద్దలూరు, రాచర్ల వైపు పల్లెల వాళ్లకు అది ఇలవేల్పు స్థలం. కథ ఏదైనా, వేసవిలో కూడా నీళ్లు నిలిచే గుండమని దాని అర్థం.

పురాణం ఇంకో పెద్ద బొమ్మ కూడా గీసింది. ఈ కొండల వరుస ఆదిశేషుడి ఒళ్లు. పడగ తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలం. అడవి శాఖ పటంలో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యాన్నీ శేషాచలంలోని వెంకటేశ్వర నేషనల్ పార్కునూ కలుపుతూ ఒక కారిడార్ ఉంటుంది. నల్లమల, లంకమల, వెలిగొండ, శేషాచలం మీదుగా పోయే గీత అది. రెండు పటాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే గీతలు దాదాపు ఒకటే. ఇందులో మహిమ వెతకనక్కర్లేదు. కొండల వరుస తెగకుండా ఉన్నచోట యాత్రికుడూ నడిచాడు, పులీ నడిచింది, అంతే.

శ్రీశైలానికి నాలుగు ద్వారాలంటారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. తూర్పు ద్వారం మార్కాపురం వైపువాళ్ల గడపలోనే ఉందన్నమాట. 14వ శతాబ్దంలో అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. అప్పట్లో ఎటునుంచి పోయినా నడకే, ఊట నుంచి ఊటకు మజిలీలు. పొద్దుగూకితే ప్రయాణం ఆపి మంట వేసుకునేవాళ్లు. ఒకరకంగా రాత్రి గేటు అనేది కొత్తగా వచ్చిందేమీ కాదు.

పార్కా, అభయారణ్యమా, టైగర్ రిజర్వా?

మాటల్లో అందరూ నేషనల్ పార్క్ అనేస్తారు గానీ చట్టం ప్రకారం నల్లమల నేషనల్ పార్క్ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ హోదా ఉన్నవి శేషాచలంలోని శ్రీవెంకటేశ్వర, గోదావరి ఒడ్డున పాపికొండలు, కడప జిల్లాలోని చిన్న రాజీవ్ గాంధీ పార్కు. నల్లమల 1978లో వన్యప్రాణి అభయారణ్యమైంది, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. గుండ్లబ్రహ్మేశ్వరం అడవులను 1990లో విడిగా అభయారణ్యం చేశారు, తర్వాత అదీ పులుల పరిధిలో చేరింది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అవతలి భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. ఇవతల మనకు మిగిలింది 3,296 చదరపు కిలోమీటర్లు. అందులో కోర్, అంటే పులుల కోసం గట్టిగా కాపాడే లోపలి అడవి 2,595, బఫర్, అంటే దాని చుట్టూ ఉండే పట్టీ 700. విడిపోయినా కూడా విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద టైగర్ రిజర్వ్ ఇదే.

ఈ మూడు పేర్ల తేడా సందర్శకుడికి ఎక్కడ పనికొస్తుందంటే, రోడ్డు అంచున. వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి పర్మిట్ లేకుండా పోకూడదు. అయితే అందులోంచి పోయే పబ్లిక్ హైవే మీద ప్రయాణించేవాళ్లకు ఆ నిబంధన లేదు. అంటే తారు మీద ఉన్నంతసేపు మీరు ప్రయాణికుడు. బండి పక్కకు ఆపి, కాలువ దాటి, చెట్ల కిందికి పోయి అన్నం పొట్లం విప్పారంటే పర్మిట్ లేకుండా అభయారణ్యంలో దూరినట్టే లెక్క. అదే సెక్షన్‌లో జంతువులను విసిగించకూడదనీ, చెత్త వేయకూడదనీ కూడా ఉంది. కోతికి అరటిపండు విసిరి ఫోటో తీసుకోవడం సరదా కింద చెల్లదు.

కోర్‌లో పర్యాటకం ఉండొచ్చా అన్న గొడవ 2012లో సుప్రీంకోర్టు దాకా పోయింది. జులైలో మధ్యంతర నిషేధం వచ్చింది, అక్టోబర్‌లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ మార్గదర్శకాలతో ఎత్తేశారు. అప్పటికే పర్యాటకం ఉన్నచోట కోర్‌లో 20 శాతానికి మించకూడదన్నది వాటిలో ఒకటి. అందుకే సఫారీ బాట మీకు చిన్నదిగా, చూపించిందే చూపిస్తున్నట్టుగా అనిపిస్తుంది. మిగతా అడవిని మనకు చూపించకపోవడమే అడవి శాఖ పని.

రాత్రి గేటు, వానాకాలం తలుపు

దోర్నాల–శ్రీశైలం ఘాట్‌లో మామూలు రోజుల్లో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలు వదలరు. కారణం సులభం. పగలంతా ఎత్తున నీడలో పడుకున్న దుప్పులు, కణుతులు (సాంబార్ జింకలు) పొద్దుగూకాక నీళ్లకు దిగుతాయి. వాటి వెనకే వాటిని తినేవి దిగుతాయి. ఘాట్ రోడ్డు కొండకూ లోయకూ నడుమ అడ్డంగా సాగుతుంది కాబట్టి, ఆ దిగే బాటలన్నీ రోడ్డును దాటాల్సిందే. హెడ్‌లైట్ కళ్లలో పడితే దుప్పి పరిగెత్తదు, నిలబడిపోతుంది. చలికాలం రాత్రి తారు వెచ్చగా ఉంటుందని పాములు దాని మీదికి వస్తాయి. ఒక దుప్పిని లారీ గుద్దితే ఆ కళేబరం కోసం చిరుత వస్తుంది, తర్వాతి బండి దాన్ని గుద్దుతుంది.

గేటుతో చాలామంది ఇరుక్కునేది లెక్క తప్పడం వల్లే. దోర్నాల నుంచి శ్రీశైలం 50 కిలోమీటర్లే కదా, గంటలో దిగేస్తాం అనుకుని ఎనిమిదికి బయల్దేరతారు. మలుపుల్లో, బస్సుల వెనక గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. తిరుగు ప్రయాణమైతే ఆరున్నరకల్లా శ్రీశైలం వదలాలి, లేదంటే రాత్రికి అక్కడే గది చూసుకోవాలి. శివరాత్రి, ఉగాది రోజుల్లో వేళలు మారతాయి, ట్రాఫిక్ మళ్లింపులు ఉంటాయి. అడవిని చూడాలనుకునేవాళ్లు ఆ రెండు వారాల జోలికి పోకపోవడమే మంచిది. జనసంద్రంలో కొండముచ్చు తప్ప ఏదీ కనబడదు.

జులై 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా సఫారీ, లోపలి గుళ్ల దారులు మూసేస్తారు. పులులు జతకట్టే కాలమని పేపర్లో రాస్తారు. అది సగం నిజం. పులి ఏ కాలంలోనైనా జతకడుతుంది, గర్భం మూడున్నర నెలలు, పిల్లలు రెండేళ్ల దాకా తల్లి వెంటే తిరుగుతాయి. మూడు నెలలు మూస్తే ఆ సంసారమంతా గడిచిపోదు. అసలు లాభం వేరే చోట ఉంది. మట్టి బాటలు వానకు మెత్తబడి ఉంటాయి. ఒక్క జీపు చక్రం లోతుగా గాడి పెడితే తర్వాతి వాన ఆ గాడినే వాగు చేసుకుంటుంది. గడ్డి ఎదిగే కాలం కాబట్టి మేసే జంతువులకు కడుపు నిండేదీ అప్పుడే. వాటికి ఆ మూడు నెలలు దొరికితేనే పులికి తర్వాతి తొమ్మిది నెలలు తిండి. ఇవికాక, వాగులు పొంగితే లోపల చిక్కుకున్న జనాన్ని బయటికి తేవడం అడవి సిబ్బందికి ప్రాణాల మీదికి వచ్చే పని.

మరి ఎప్పుడు పోవాలి? అక్టోబర్, నవంబర్‌లో అడవి అందంగా ఉంటుంది, జలపాతాలుంటాయి, కానీ బోదగడ్డి మనిషెత్తు పెరిగి పది అడుగుల అవతల ఏమున్నా కనబడదు. నీళ్లు ప్రతి గుంటలోనూ ఉంటాయి కాబట్టి జంతువులు చెల్లాచెదురుగా ఉంటాయి. ఏప్రిల్, మేలో ఆకురాలి చూపు దూరం పోతుంది, జంతువులు నీళ్ల చుట్టూ చేరతాయి, కానీ ఎండ దెబ్బ, కార్చిచ్చు భయం. రెంటికీ మధ్యస్తం ఫిబ్రవరి రెండో సగం, మార్చి. ప్రకృతి కోసమైతే నవంబర్, జంతువుల కోసమైతే మార్చి అనుకోండి, రెండూ ఒకే ప్రయాణంలో రావు.

ఏప్రిల్‌లో పోయినవాళ్లకు బాట పక్కన సిమెంటు పళ్లెం ఒకటి కనబడుతుంది. సాసర్ పిట్ అంటారు. అంచులు నిటారుగా కాకుండా ఏటవాలుగా కడతారు. నిటారు తొట్టి అయితే దుప్పి పిల్ల, కుందేలు అందులో పడి బయటికి రాలేక చచ్చిపోతాయి. ట్యాంకర్‌తోనో సోలార్ బోరుతోనో నీళ్లు నింపుతారు. దాని చుట్టూ తడిమట్టి మీద ఆ రాత్రి ఎవరెవరు వచ్చారో రాసిపెట్టి ఉంటుంది. నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తు లేకుండా ఉంటే పిల్లి జాతి. అడుగు వెడల్పు 12 సెంటీమీటర్లు దాటితే పులి, 8, 9కి లోపైతే చిరుత అనుకోవచ్చు. గోళ్లు పడితే కుక్క జాతి, రేసుకుక్క (అడవి కుక్క) కావచ్చు. ఐదు వేళ్లూ, వాటికి దూరంగా పొడుగాటి గోళ్ల గీతలూ ఉంటే ఎలుగుబంటి.

దోర్నాల నుంచి పైకి

రైలులో వచ్చేవాళ్లకు గుంటూరు–నంద్యాల లైనులో మార్కాపురం రోడ్ స్టేషన్ దగ్గర. అక్కడి నుంచి శ్రీశైలం సుమారు 85 కిలోమీటర్లు, నడుమ దోర్నాల. పెట్రోలు, డీజిలు దోర్నాలలోనే నింపుకోవాలి, మళ్లీ కొండపైనే. ఫోన్ సిగ్నల్ ఘాట్‌లో చాలాచోట్ల ఉండదు కాబట్టి మ్యాపు ముందే దించుకోండి, ఎక్కడ కలుసుకోవాలో రెండో బండివాళ్లతో ముందే మాట్లాడుకోండి. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు, అవీ స్టీలు క్యాన్లలోనో పెద్ద డబ్బాలోనో. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను చెక్‌పోస్టులో ఆపేస్తారు.

దిగేటప్పుడు చాలా కార్ల నుంచి మాడు వాసన వస్తుంది. బ్రేకు మీద కాలు తీయకుండా దిగడం వల్ల ప్యాడ్లు వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత లారీ డ్రైవర్ల మాట ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది. రెండో గేరు, అవసరమైతే మూడు. గేర్లులేని స్కూటర్ల మీద ఇద్దరు ముగ్గురు ఎక్కి ఈ ఘాట్ దిగడం అస్సలు మంచిది కాదు, వాటికి ఇంజన్ పట్టు చాలా తక్కువ, బరువంతా బ్రేకుల మీదే.

తుమ్మలబైలు ఈ రోడ్డు మీదే వస్తుంది. అడవి శాఖ జీపులు, చెంచు గైడ్లు ఉంటారు. పొద్దున మొదటి జీపు, సాయంత్రం చివరి జీపు మాత్రమే అడిగి ఎక్కండి. పదకొండు గంటలకు ఎక్కితే చూసేది టేకు చెట్లు, దుమ్ము. తెల్లచొక్కాలు, సెంటు వద్దు.

పులి కనబడుతుందా? 2022 జాతీయ లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌కు 63 పులులు తేలాయి, దాదాపు అన్నీ ఈ కొండల్లోవే. ఈ విస్తీర్ణానికి పంచితే 50 చదరపు కిలోమీటర్లకు ఒకటి. ఎండు అడవి, మేసే జంతువులు పలచగా ఉంటాయి, అందుకే ఒక్కో పులికి పెద్ద ఇలాకా కావాలి. మధ్యప్రదేశ్ పార్కుల వీడియోలు చూసి వచ్చినవాళ్లకు ఇది నిరాశే. కానీ పులి ఉందని తెలుసుకోవడానికి చెవులు చాలు. చుక్కల దుప్పి చిన్న అలికిడికీ కూస్తుంది, దాన్ని నమ్మి జీపు తిప్పితే కుక్క కావచ్చు, మనిషి కావచ్చు. కణితి అట్లా కాదు, ముందరి కాలు నేలకు తట్టి, డబ్బాను గట్టిగా మోదినట్టు ఒక్కో అరుపు ఆగి ఆగి వేస్తుంది. అది ఊరికే అరవదు. కొండముచ్చు కూడా కొమ్మ మీంచి దగ్గినట్టు మొదలుపెడితే గైడు ఇంజన్ ఆపిస్తాడు. అప్పుడు మాట్లాడకుండా పది నిమిషాలు కూర్చోగలిగితే సగం పని అయినట్టే. మనవాళ్లకు అదే కష్టం.

పులులను ఎలా లెక్కపెడతారో కూడా బాట పక్కనే కనబడుతుంది. మోకాలి ఎత్తున ఎదురెదురు చెట్లకు రెండు కెమెరాలు కట్టి ఉంటాయి. రెండెందుకంటే పులి కుడిపక్క చారలు, ఎడమపక్క చారలు ఒకటి కావు. రెండు పక్కలా ఫోటో పడితేనే ఇది ఫలానా పులి అని తేల్చగలరు. రెండు చదరపు కిలోమీటర్లకు ఒక జత చొప్పున పెడతారు. వాటి ముందు నిలబడి సెల్ఫీ దిగితే ఆ ఫోటో కూడా అధికారుల కంప్యూటర్‌లోకి పోతుంది.

పులి గురించే అడిగేవాళ్లు మరిచిపోయే ప్రాణి ఒకటుంది. నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో పాత చెట్ల తొర్రల్లో బతికే నీలం రంగు పెద్ద సాలీడు. 1899లో గుత్తి రైల్వే కట్టెల డిపోలో దొరికింది కాబట్టి ప్రపంచమంతా దాన్ని గుత్తి పేరుతోనే పిలుస్తుంది. నల్లమల దుంగలతోపాటు రైలెక్కి పోయి ఉంటుందని అంచనా. వందేళ్ల తర్వాత అసలు ఇల్లు ఇక్కడ బయటపడింది. అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాబితాలో ఉంది. ఎండిన చెట్టే కదా అని కొట్టి మంట వేస్తే కాలిపోయేది ఇట్లాంటి ఇల్లే. అన్నట్టు, ఆ అడవిని ఏ పర్మిట్ లేకుండా చూడాలంటే పగటి రైలు ఎక్కండి. గాజులపల్లె నుంచి బొగద సొరంగం మీదుగా దిగువమెట్ట దాకా కిటికీ పక్క సీటు చాలు.

ఇష్టకామేశ్వరి

శ్రీశైలానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, దోర్నాల రోడ్డు నుంచి లోపలికి చీలే బాట. అమ్మవారి నుదుటి మీద బొట్టు పెడితే మనిషి నుదురులా మెత్తగా తగులుతుందని, అప్పుడు కోరుకున్నది జరుగుతుందని నమ్మకం. పూజ చెంచులది. దారి అంటే వాన నీళ్లు కోసిన రాళ్ల మీద జీపు ఎక్కి దిగడమే. మామూలు కారు అడుగుభాగం మొదటి కిలోమీటరులోనే రాయికి తగులుతుంది, ఆయిల్ చాంబర్ పగిలితే ఆ బండిని వెనక్కి లాగడానికి మరో జీపు రోజంతా పోతుంది. సొంత కారు వద్దనడానికి పులి కంటే ముందున్న కారణం ఇది.

రోజుకు వదిలే జీపులకు పరిమితి ఉంటుంది కాబట్టి ఉదయాన్నే టికెట్ కౌంటర్ దగ్గరికి చేరాలి. టికెట్ అడవి శాఖ కౌంటర్లోనే తీసుకోండి, రోడ్డు మీద ఎవరో ‘నేను పంపిస్తా సార్’ అంటే వినొద్దు. జీపులో వెనక సీటు చక్రాల ఇరుసుకు అవతల ఉంటుంది, ప్రతి గుంటకూ ఎగరేసేది దాన్నే. నడుం నొప్పి ఉన్నవాళ్లు ముందో నడిమనో కూర్చోవాలి. గర్భిణులు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు ఈ దారి పెట్టుకోవద్దు. చివర కొంత నడక ఉంటుంది. మొత్తానికి సగం పూట పోతుందని లెక్కేసుకోండి.

గూడెం దగ్గర ఆగితే చెంచు పెద్దలను ‘మామా’ అనో ‘అన్నా’ అనో పలకరించి మాట్లాడండి, అడక్కుండా ఇళ్లనూ ఆడవాళ్లనూ ఫోటోలు తీయొద్దు. పిల్లలకు బిస్కెట్ పొట్లాలు విసిరే అలవాటు ఎవరు మొదలుపెట్టారో గానీ, అది వాళ్లను బండ్ల వెంట పరిగెత్తేలా చేసింది. తేనె కావాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి. శ్రీశైలం మల్లన్న చెంచుల అల్లుడు, అహోబిలం నరసింహుడూ అల్లుడే. ఈ అడవిలో బేస్ క్యాంపుల్లో కాపలా కాసేదీ, పులి అడుగులు పట్టేదీ ఎక్కువగా వాళ్లే. గైడు ‘ఇక్కడ దిగొద్దు’ అన్నాడంటే బేరం ఆడే విషయం కాదు.

గుండాల దగ్గర ప్రాణం మీదికి వచ్చేవి

నల్లమలలో సందర్శకుడికి పులి వల్ల ముప్పు బాగా తక్కువ. గుండంలో నీళ్లు, తేనెటీగలు, ఎలుగు, పాము, ఈ వరుసలో భయపడాలి.

నెమలిగుండానికి జనం ముఖ్యంగా శనివారాలు పోతారు. అక్కడైనా, భైరవకోన లాంటి చోటైనా ప్రమాదం ఒకే తీరు. పైన చెప్పిన గట్టిరాయి నీళ్లను పీల్చుకునేది పగుళ్ల దగ్గరే. కొండ మీద పది కిలోమీటర్ల అవతల గంటసేపు కుండపోత పడితే, కింద ఎండ కాస్తుండగానే వాగు పెరుగుతుంది. తేట నీళ్లు ఒక్కసారిగా మట్టిరంగు తిరిగినా, ఎండుటాకులూ పుల్లలూ తేలి వచ్చినా, ధార చప్పుడు మారినా సామాను వదిలేసి ఒడ్డెక్కాలి. చెప్పుల కోసం వెనక్కి పోయినవాళ్లే కొట్టుకుపోతారు. గుండం అడుగు పళ్లెంలా ఉండదు, జలపాతం పడేచోట రాయి తొలిచి లోతు ఒక్కసారిగా దిగుతుంది. పక్కకు జరిగిన కాలికి నాచు తగులుతుంది. ఈత వచ్చినా ధార కిందికి పోవద్దు.

రాతి చరియలకు పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. కొబ్బరికాయ కొట్టి అగరొత్తులు గుత్తిగా వెలిగించడం, పొయ్యి పెట్టి పొంగలి వండటం వాటి కిందే చేస్తే పొగ నేరుగా పట్టుకు పోతుంది. ఈగలు లేస్తే ముఖం కప్పుకుని దట్టమైన పొదల్లోంచి దూరంగా పరుగెత్తాలి. నీళ్లలో మునిగితే తల ఎత్తేదాకా అక్కడే తిరుగుతుంటాయి.

ఎలుగుబంటి కన్ను మందం, చెవి మందం. గాలి మన వైపు వీస్తుంటే మనం పది గజాల దాకా వచ్చేవరకూ దానికి తెలియదు, తెలిసేసరికి భయంతో మీద పడుతుంది. ఇప్పపూలు రాలే వేళ, తునికి పండ్ల కాలంలో తెల్లవారుజామున బాట మీద ఒంటరిగా నడవకూడదు. నలుగురు కలిసి, మాట్లాడుకుంటూ నడవాలి. సఫారీలో మౌనం, నడకలో మాట, రెండూ వాటి వాటి చోట సరైనవే.

రక్తపింజరి, కట్లపాము, నాగుపాము అన్నీ ఉన్న అడవి ఇది. కాటు పడితే తాడు కట్టొద్దు, కోయొద్దు, పసరు కోసం ఆగొద్దు. ఉంగరాలు, పట్టీలు తీసేసి, కర్ర కట్టి కాలు కదలకుండా చేసి, మోసుకుని బండి ఎక్కించాలి. ఘాట్‌లో సగం ఇవతల ఉంటే దోర్నాల, మార్కాపురం వైపు, అవతల ఉంటే శ్రీశైలం పక్కనున్న సున్నిపెంట వైపు. ఎటు దగ్గరో ఆ గాభరాలో తేల్చుకోలేరు కాబట్టి ఘాట్ ఎక్కకముందే లెక్క చూసుకోండి. గడ్డిలో కూర్చున్నాక చీలమండలు, నడుము దగ్గర పిడుదులున్నాయేమో రాత్రికి వెతుక్కోవాలి. దోమతెర, పూసుకునే మందు మరవొద్దు, ఇది మలేరియా ఉన్న ప్రాంతం.

ఎండాకాలంలో ఒక్క బీడీ ముక్క చాలు. బోదగడ్డి ఎండితే పెట్రోలులా అంటుకుంటుంది. ఫైర్ లైన్లని బాటల వెంట ముందుగానే గడ్డి కాల్చి పెట్టిన నల్లటి పట్టీలు మీకు కనబడేది అందుకే.

నెల్లూరు వాళ్లకు దగ్గరి దారి

నెల్లూరు జిల్లా నుంచి శ్రీశైలం ఒక రోజులో పోయి రావడం అలసట తప్ప ఏమీ మిగల్చదు. అంతదూరం వద్దనుకుంటే వెలిగొండల్లోనే పెంచలకోన ఉంది. దాని చుట్టూ ఉన్న అడవి శ్రీపెనుశిల నరసింహ వన్యప్రాణి అభయారణ్యం, 1997లో ప్రకటించారు, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు, కడప జిల్లాలోకి కూడా విస్తరించింది. నల్లమలకూ శేషాచలానికీ నడుమ పులి నడిచే దారిలో ఇది ఒక మజిలీ. ఉగ్రనరసింహుడు చెంచులక్ష్మిని పెళ్లాడి ఇక్కడే శిలగా వెలిశాడని, అది చూసి అలిగిన ఆదిలక్ష్మి విడిగా గుడి కట్టించుకుందని కథ. అహోబిలంలో మొదలైన చెంచులక్ష్మి కథ ఈ కొసన మళ్లీ వినబడటం చూస్తే, చెంచులు ఈ కొండల వరుస పొడవునా ఎంత దూరం తిరిగారో తెలుస్తుంది.

గుడి దాకా మంచి రోడ్డు, బస్సు ఉన్నాయి. గుడి వెనక కోనలోకి పోవాలంటే మాత్రం దోర్నాలలో చెప్పిన చట్టమే, అదే 27వ సెక్షన్. అడవి శాఖ మనిషిని వెంటబెట్టుకోకుండా జలపాతం వెతుక్కుంటూ పోయి దారి తప్పే కుర్రాళ్ల కోసం ఏటా వెతుకులాటలు జరుగుతుంటాయి. శనివారాలు రద్దీ. వారం నడుమ పోయి, మధ్యాహ్నం రెండు దాటాక కోనలోకి దిగకుండా ఉంటే చాలు. ఆ లోయలో కొండ నీడ వల్ల పొద్దు గంట ముందే గుంకుతుంది.